పిల్లల కాళ్లకు అందే ఊరు

హైదరాబాద్ నడిబొడ్డున కాపురముండే జంటకు బిడ్డ పుడితే, ఏడాది తిరక్కుండానే ఇంట్లో ఒక మాట మొదలవుతుంది. "ఈ ఇరుకులో పిల్లల్ని ఎలా పెంచుతాం? తెల్లాపూర్ వైపో, బాచుపల్లి వైపో ఏదైనా గేటెడ్ కమ్యూనిటీలో చూసుకుందాం" అని. ఆఫీసులో తోటివాళ్లు అదే చెప్తారు. ఊరి నుంచి వచ్చిన నాయనమ్మ బాల్కనీలోంచి కిందికి చూసి, ఆ బండ్ల మోత విని, ఆవిడా అదే అంటుంది. వాళ్ల భయాలు ఉత్తుత్తివి కావు. దుమ్ముంది, హోరుంది, ఆడుకోవడానికి వాకిలి లేదు.

అయినా అడ్వాన్సు కట్టే ముందు ఒక్కసారి ఆగి నా మాట వినమని అడుగుతున్నాను. మా ఇద్దరు పిల్లలూ చిక్కడపల్లిలో, లిఫ్టు లేని పాత అపార్ట్‌మెంట్‌లో, రెండు పడగ్గదుల ఇంట్లో పెరిగారు. అలా పెంచాక నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఇది. ఇల్లు ఎన్ని చదరపు అడుగులన్నది తర్వాత చూసుకోవచ్చు. గడప దాటాక పిల్లలు తమ కాళ్లతో ఎక్కడిదాకా వెళ్లగలరు, దారిలో వాళ్లను ఎరిగినవాళ్లు ఎందరున్నారు అన్నది ముందు చూడాలి.

శివార్ల ఇళ్లలో సుఖం లేదని నేననను. పచ్చిక ఉంటుంది, ఈతకొలను ఉంటుంది, లోపల బండ్ల భయం తక్కువ. రెండేళ్ల పాపకు అది నిజంగా హాయే. ఆ పాపకు ఏడెనిమిదేళ్లు వచ్చేసరికి పరిస్థితి మారుతుంది. బడికి బస్సు, సంగీతం క్లాసుకు కారు, స్నేహితురాలి పుట్టినరోజుకు కారు, చివరికి పెన్సిల్ కొనడానికి కూడా ఫోన్లో ఆర్డరు. గేటు బయట ఊరు ఎలా ఉంటుందో అద్దంలోంచి తప్ప తెలియదు. పెద్దవాళ్లకు తీరిక ఉంటేనే పిల్లలకు కదలిక. ఆ తీరిక ఎక్కడుంది? ఆఫీసుకు గంట, తిరిగి రావడానికి గంట అనుకోండి. వారానికి 5 రోజుల చొప్పున ఏడాదికి 48 వారాలు లెక్కేస్తే 480 గంటలు, అంటే పగలూ రాత్రీ కలిపి 20 రోజులు. రాత్రి ఎనిమిదిన్నరకు ఇల్లు చేరే తండ్రికీ, తొమ్మిదింటికి నిద్రపోయే మూడేళ్ల బిడ్డకూ మధ్య మిగిలేది అరగంట. పెద్ద హాలున్న ఇల్లు ఆ అరగంటను పొడిగించలేదు.

ఇదే లెక్క రెండో వైపు నుంచి కూడా చూడాలి. భార్యాభర్తలిద్దరి ఉద్యోగాలూ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోనే ఉంటే, నా మాట విని చిక్కడపల్లికి రావద్దు. అప్పుడు మీ గంటలు ఇటునుంచి అటు కరిగిపోతాయి. కొండాపూర్, మాదాపూర్‌లలో కింద కిరాణా కొట్టు, పక్క వీధిలో బడి ఉన్న మామూలు కాలనీ ఏదైనా చూసుకోండి. మీకు అదే నడిబొడ్డు. ఇద్దరిలో ఒక్కరిదే అటువైపు ఉద్యోగమైతే మెట్రో ఉంది. చిక్కడపల్లిలో ఎక్కి పరేడ్ గ్రౌండ్స్‌లో మారితే రాయదుర్గం దాకా వెళ్లొచ్చు. రెండోవాళ్లు మాత్రం ఇంటికి దగ్గరలో ఉండాలి. బడి నుంచి జ్వరమని ఫోన్ వస్తే పావుగంటలో చేరగలిగిన మనిషి ఒకరు ఉంటే ఆ ఇంటికి ఎంత నిబ్బరమో అనుభవిస్తేనే తెలుస్తుంది.

ఇక ఊరి మధ్యలో ఏముందని అడుగుతారు. చిక్కడపల్లిలోనే నగర కేంద్ర గ్రంథాలయం ఉంది. పోటీ పరీక్షలకు చదివే యువతీయువకులతో అది నిండిపోతుంది, చెట్ల కింద కూడా పుస్తకాలు పట్టుకుని కూర్చుంటారు. అలాంటి చోటికి చిన్నపిల్లలెందుకు అనుకోకండి. అంతమంది పెద్దవాళ్లు ఎవరూ బలవంతపెట్టకుండా మౌనంగా చదువుకోవడం చూడటమే పిల్లలకొక చదువు. ఇంట్లో "పుస్తకం తియ్యి" అని పదిసార్లు అనడం కన్నా అది బాగా పనిచేస్తుంది. ఆ పక్కనే త్యాగరాయ గానసభ. సాయంత్రాల్లో ఏదో ఒక కార్యక్రమం జరుగుతుంటుంది, చాలావాటికి టికెట్ ఉండదు. పిల్లలు మొత్తం కచేరీ వినాలని పట్టుబట్టకండి. ఇరవై నిమిషాలు విని, విసుగు మొదలవగానే లేచి వచ్చేయండి. ఇల్లు నాలుగడుగుల్లో ఉన్నవాళ్లకే ఆ వెసులుబాటు. గంటంపావు కారు నడుపుకుని వచ్చినవాళ్లు ఇరవై నిమిషాలకే లేవలేరు, బిడ్డను కసిరి కూర్చోబెడతారు. అలా సంగీతమంటేనే మొహం మొత్తిన పిల్లల్ని చూశాను.

నడిబొడ్డు ఇంటి అసలు లాభం అక్కడే ఉంది. ఏ చోటైనా ఒక యాత్రలా కాకుండా అలవాటుగా మారుతుంది. దోమలగూడ ఇందిరా పార్కుకు ఆదివారం ఒక్కరోజే తయారై వెళ్లక్కర్లేదు, మామూలు రోజున హోంవర్కు ముందు ఒక చుట్టు చుట్టి రావచ్చు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌కు వెళ్లాలంటే ఎంజీబీఎస్‌లో మెట్రో మారాలి. ఆ మారడం పిల్లలకు సగం సంబరం. ఏ మెట్లు ఎక్కాలి, ఏ వైపు రైలు ఎక్కాలి అన్నది ఒకటి రెండుసార్లయ్యాక మీరు చెప్పకండి, వాళ్లనే దారి చూపించమనండి. అక్కడి రాష్ట్ర మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది. ఆ తోటలోనే జవహర్ బాలభవన్ ఉంది, బొమ్మలు గీయడం, నాట్యం, సంగీతం లాంటివి పిల్లలకు నేర్పుతారు. నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ మ్యూజియంలో ప్రాణహిత–గోదావరి లోయలో దొరికిన కోటాసారస్ అస్థిపంజరాన్ని నిలబెట్టారు. ఇంగ్లిషు సినిమాల్లో డైనోసార్‌లను చూసి అవి ఎక్కడో విదేశాల్లోనే బతికాయనుకునే పిల్లలకు, ఇది మన గోదావరి నేల మీద తిరిగిందని చెప్పి చూడండి. కళ్లు ఎంత పెద్దవవుతాయో!

సుల్తాన్ బజార్‌లో 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం ఉంది. ఆదివారాలు ఆబిడ్స్‌లో పాతపుస్తకాలు పరుస్తారు. పిల్లల చేతికి కొద్దిగా డబ్బిచ్చి, ఏం కొనాలో వాళ్లకే వదిలేయండి. బేరం ఆడనివ్వండి. ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లిలో నుమాయిష్ ఉంటుంది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన ఆ ప్రదర్శనకు తాతల కాలం నుంచీ జనం వెళ్తూనే ఉన్నారు. వీటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు.

బిడ్డకు ఒంట్లో బాగోనప్పుడు ఊరి మధ్యలో ఉండటం ఎంత ధైర్యమో కూడా చెప్పాలి. నిజాం కోడలు నీలోఫర్ చొరవతో వచ్చిన నీలోఫర్ ఆసుపత్రి 1953 నుంచి పిల్లలకు వైద్యం చేస్తోంది. జిల్లాల నుంచి రాత్రంతా ప్రయాణించి అక్కడికి బిడ్డల్ని తెచ్చే తల్లిదండ్రులున్నారు. అది మీకు ఆటో దూరంలో ఉంటుంది. చుట్టుపక్కల చిన్నపిల్లల డాక్టర్లు చాలామంది ఉంటారు. వాళ్లలో ఒకరిని మొదటి నెలల్లోనే ఎంచుకుని, ఏళ్ల తరబడి ఆయన దగ్గరికే వెళ్లండి.

ఇప్పుడు మనుషుల సంగతి. నేను అన్నిటికన్నా ఎక్కువ విలువిచ్చేది దీనికే. జేన్ జేకబ్స్ అనే రచయిత్రి న్యూయార్క్‌లోని గ్రీనిచ్ విలేజ్‌లో, దుకాణాలున్న వీధిలోనే ముగ్గురు పిల్లల్ని పెంచారు. 1961లో నగరాల గురించి పుస్తకం రాస్తూ, వీధిని కాపాడేది ముఖ్యంగా పోలీసులు కారని, అక్కడ కొట్లు నడిపేవాళ్లూ కిటికీల్లోంచి చూసేవాళ్లూ అని వాదించారు. పిల్లలు సొంతవాళ్లు కాని పెద్దల నుంచి కూడా బాధ్యత నేర్చుకుంటారనీ రాశారు. ఆవిడ రాసింది అమెరికా వీధుల గురించే అయినా, మన గల్లీల్లో పెరిగినవాళ్లకు అందులో కొత్తేమీ కనబడదు. మా అబ్బాయి ఒకసారి అలిగి బడి సంచితో సహా వీధి మలుపు దాకా వెళ్లిపోతే, ఇస్త్రీ బండి దగ్గరుండే ఆయన "ఏం బాబూ, ఎక్కడికి?" అని ఆపి, మాటల్లో పెట్టి, మాకు కబురు పంపాడు. జీతమిచ్చి పెట్టుకున్న కాపలాదారులూ చూస్తారు, కాదనను. కానీ ఆ చూపు వేరు, ఈ చూపు వేరు.

అలాంటి చూపు ఊరికే రాదు, దానికి మీరు కొంత శ్రమ పడాలి. పాలు, కూరగాయలు, కిరాణా సరుకులు ఫోన్లో తెప్పించుకుంటూ కూర్చుంటే నడిబొడ్డున ఉన్నా శివార్లలో ఉన్నట్టే. కనీసం కొన్ని సరుకులైనా వీధిలోని ఒకే కొట్టులో కొనండి. బిడ్డను వెంట తీసుకెళ్లండి, పేరు చెప్పించండి. కూరగాయలమ్మే ఆవిణ్ని అత్తా అనో అమ్మమ్మా అనో పిలవడం నేర్పండి. వాచ్‌మన్‌ను "ఏయ్ వాచ్‌మన్" అని పిలిచే ఇంట్లో పిల్లలు కూడా అలాగే పిలుస్తారు. ఆయనకొక పేరుంది, వరస కలిపి పిలవండి, ఆయన పిల్లలతో మీ పిల్లల్ని ఆడుకోనివ్వండి. తెల్లవారుజామున మసీదు నుంచి అజాన్, ఆదివారం చర్చి గంట, ఆషాఢంలో బోనాలు, ఇవన్నీ ఒకే వీధిలో వినపడటం మా పిల్లలకు వింతగా తోచలేదు. పెద్దయ్యాక ఎవరితోనైనా కలిసి కూర్చుని తినగలిగారంటే ఆ వీధి చలవే అనుకుంటాను.

భయాల దగ్గరికి వస్తాను. వీటిని దాటవేస్తే నా సలహాకు విలువుండదు.

2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్ కళాసిగూడలో వాన కురిసిన పొద్దున పాలకని వెళ్లిన చిన్నారి నాలాలో పడి చనిపోయింది. అదే ఏడాది ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో ఒక పసివాడి ప్రాణం పోయింది. ఈ రెండూ ఊరి మధ్యలో జరిగినవే. నగరపాలక సంస్థ చేయాల్సిన పని అది చేసి తీరాలి. మూత లేని మ్యాన్‌హోల్ కనబడితే ఫొటో తీసి ఫిర్యాదు చేయండి, మూత పడేదాకా వదలకండి. అది మీ ఒక్కరి బిడ్డ కోసమే కాదు. అంతవరకు మన జాగ్రత్త మనది. వాన పడుతున్నప్పుడు, పడి నీళ్లు నిలిచినప్పుడు పిల్లల్ని ఒంటరిగా గడప దాటనివ్వకండి. ఆ రోజు పాలు లేకపోతే లేకపోనివ్వండి.

కుక్కలు కనిపిస్తే పరుగెత్తకూడదని, కదలకుండా నిలబడి మెల్లగా వెనక్కి నడవాలని ఇంట్లోనే ఆటలా నేర్పండి. కరిచినా, గీరినా ఆ చోటును సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టకూడదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టాలి. నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో ఈ టీకా వేస్తారు. తిడతారన్న భయంతో పిల్లలు గీతల్ని దాచిపెడతారు. "కుక్క గీరిందని చెబితే నేను కోప్పడను" అని ముందే మాటివ్వండి, ఆ మాట మీద నిలబడండి.

ఒంటరిగా పంపడం ఎప్పుడన్నది తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న. పదేళ్ల లోపు పిల్లలకు ఎదురుగా వచ్చే బండి వేగాన్ని సరిగ్గా అంచనా కట్టే శక్తి ఉండదు. ఎంత తెలివైన పిల్లలైనా అంతే, అది వయసుతో వచ్చేది. అందుకే పెద్ద రోడ్డు దాటడం పదేళ్ల తర్వాతే. కానీ ఐదారేళ్లకు పై అంతస్తులోని పిన్నిగారింటికి గిన్నె ఇచ్చి రావచ్చు. ఏడెనిమిదేళ్లకు, రోడ్డు దాటక్కర్లేకుండా మనవైపే ఉన్న కొట్టుకు, మీరు బాల్కనీలోంచి చూస్తుండగా వెళ్లి కొత్తిమీర కట్ట తేవచ్చు. చిల్లర సరిచూసుకుని తెచ్చిన ఆ రోజు పిల్లలు కాస్త పొడుగైనట్టు నడుస్తారు. ఈ మెట్లు ఒక్కొక్కటే ఎక్కించండి. తొందరపడొద్దు, భయపడి అసలుకే ఆపేయనూ వద్దు. స్కూటర్ మీద తీసుకెళ్లేటప్పుడు తొమ్మిది నెలలు నిండిన బిడ్డ దగ్గర్నుంచి హెల్మెట్ ఉండాలి. నాలుగేళ్ల లోపు బిడ్డను నడిపేవారికి బెల్టుతో కట్టుకోవాలి, బండి గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. 2023 నుంచి ఇవి చట్టంలో ఉన్న నియమాలే. "ఈ పక్క వీధికే కదా" అనుకున్నప్పుడే ప్రమాదాలు జరుగుతాయి.

గాలి, హోరు విషయంలో ఇల్లు ఎంచుకునేటప్పుడే సగం పని అయిపోతుంది. నివాస ప్రాంతాల్లో రాత్రి శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని నిబంధన. పెద్ద రోడ్డు మీది ఇంట్లో అది జరిగే పని కాదు. అదే రోడ్డు నుంచి రెండు వరసలు లోపలికి వెళ్తే పక్షుల చప్పుడు కూడా వినపడే గల్లీలున్నాయి. రోడ్డు వైపు గదిని పెద్దవాళ్లు తీసుకుని, వెనకవైపు గది పిల్లలకివ్వండి. బండ్ల రద్దీ వేళల్లో రోడ్డు వైపు కిటికీలు మూసేయండి, చీపురుతో దుమ్ము లేపే బదులు తడిగుడ్డతో తుడవండి. బాల్కనీ కడ్డీల మధ్య సందు నాలుగంగుళాలు మించితే చేరిన రోజే వల కట్టించండి, ఆ కడ్డీల దగ్గర కుర్చీ, స్టూలు, పూలకుండీ ఉంచకండి. ఇన్ని చేసినా బిడ్డకు పిల్లికూతలు, ఉబ్బసం తగ్గకపోతే, డాక్టరు గాలి మార్చమంటే, నేను చెప్పిందంతా పక్కనపెట్టి మారిపోండి. బిడ్డ ఊపిరి కన్నా ఏ గ్రంథాలయమూ ఎక్కువ కాదు.

చిన్న ఇంట్లో సర్దుకోవడం నేర్చుకుంటే వచ్చేస్తుంది. బొమ్మలు తగ్గించండి, మంచాల కింద సొరుగులు పెట్టించండి, భోజనాల బల్లే చదువుల బల్ల కానివ్వండి. అక్కాతమ్ముళ్లు ఒకే గదిలో కొట్టుకుంటారు, కలిసిపోతారు. అంతకన్నా పట్టుబట్టి సాధించాల్సింది టెర్రస్ తాళంచెవి. చాలా పాత అపార్ట్‌మెంట్లలో టెర్రస్‌కు తాళం వేసి ఉంటుంది, సెల్లార్‌లో బంతి ఆడొద్దని బోర్డు ఉంటుంది. అసోసియేషన్ మీటింగులో మర్యాదగా అడగండి. సాయంత్రం ఐదు నుంచి ఏడు వరకు పిల్లలకు టెర్రస్ ఇవ్వాలని, పిట్టగోడ ఎత్తు చాలకపోతే జాలీ వేయించాలని, వంతులవారీగా ఒక పెద్దమనిషి అక్కడ కూర్చోవాలని అడగండి. మా భవనంలో రిటైరైన మాస్టారుగారు ఆ వంతును ఇష్టంగా తానే తీసుకునేవారు. పిల్లలకు ఆట దొరికింది, ఆయనకు సాయంత్రాలు గడిచాయి. రోజూ వెలుతురులో ఆడుకునే పిల్లలకు దగ్గరచూపు వచ్చే ముప్పు తగ్గుతుందని కంటి డాక్టర్లు చెబుతారు, అసోసియేషన్‌లో ఆ మాట కూడా చెప్పండి.

బడి విషయంలో మాత్రం కాస్త గట్టిగానే చెప్తాను. ఊరి మధ్యలో ఇల్లు తీసుకుని, పేరున్న బడి అని చెప్పి బిడ్డను గచ్చిబౌలి దాకా బస్సులో పంపితే, మీరు ఇక్కడ ఉండి ఏమీ లాభం లేదు. ప్రాథమిక పాఠశాల ఇంటికి కిలోమీటరు లోపు ఉండాలన్నది విద్యాహక్కు చట్టం నియమాల్లోని మాట. అది ప్రభుత్వం పాటించాల్సిన కొలతే అయినా మీ ఇంటికీ దాన్నే పెట్టుకోండి. 1928లో ఆడపిల్లల కోసం తెలుగులో చదువు చెప్పే బడి మొదలైన నారాయణగూడ చుట్టుపక్కల ఈరోజుకీ మంచి బడులకు లోటు లేదు. నడిచివెళ్లే బడిలో తోటిపిల్లలు కూడా ఆ వీధులవాళ్లే అవుతారు. సాయంత్రం ఆటకు వాళ్లే, పండక్కి వాళ్లే. అమ్మానాన్నలు ఒకరికొకరు తెలుస్తారు. ఇంటికి రావడం ఆలస్యమైతే ఎవరింట్లో ఉన్నారో అడిగి తెలుసుకోవచ్చు.

ఊరి నుంచి వచ్చే పెద్దవాళ్లు "మనవడికి మట్టి తెలియకుండా పోతోంది" అని బాధపడతారు. ఆ బాధను కొట్టిపారేయకండి. సెలవుల్లో పిల్లల్ని వాళ్ల దగ్గరికి పంపండి, వారం కాదు, నెల పంపండి. టెర్రస్ మీద నాలుగు కుండీల్లో వంగ, టమాటా వేసి, ఆ పెద్దవాళ్లతోనే నాటించండి.

దంపతుల్లో ఒకరికి ఇక్కడే ఉండాలని, మరొకరికి వెళ్లిపోవాలని ఉంటే, ఇంట్లో ఎక్కువసేపు బిడ్డతో ఉండేవారి మాటకు ఎక్కువ బరువివ్వండి. పగలంతా ఆ గోడల మధ్య గడిపేది వాళ్లు.

ఏ ఇల్లు చూసినా, శివార్లలోదైనా చిక్కడపల్లిలోదైనా, బ్రోకర్‌తో పాటు మధ్యాహ్నం కారులో వెళ్లి చూసి అడ్వాన్సు ఇవ్వకండి. మామూలు పనిరోజున, సాయంత్రం ఆరింటికి, బిడ్డ చెయ్యి పట్టుకుని వెళ్లండి. ఆ ఇంటి గుమ్మం నుంచి బిడ్డ అలిసిపోయేదాకా నడవండి. దారిలో ఎన్ని కొట్లు, ఎన్ని చెట్లు, ఎంతమంది పిల్లలు కనిపించారో, ఎవరైనా మీ బిడ్డను చూసి పలకరించారో లేదో గమనించి, ఆ తర్వాతే సంతకం పెట్టండి.